మరపాలెం కరిచే బల్ల

మరపాలెంలో పిండి పట్టించుకోడానికి వెళ్ళినవాళ్ళెవరైనా సరే, ఆ బల్ల చేత కరిపించుకోకుండా ఇంటికి రారు. వెంకటదుర్గ పిండిమర ముందు అరుగు మీద ఉంటుందది. పొట్టి పొట్టి టేకు చెక్కలు పక్కపక్కన పేర్చి, అడుగున రెండు కమ్ములకి బిగించి, కాళ్ళు తగిలించిన బల్ల. చెక్కకీ చెక్కకీ నడుమ సందు. కూర్చున్నంతసేపూ బుద్ధిగానే ఉంటుంది. లేవబోతే మాత్రం చీరతోపాటు ఇంత కండ కూడా పట్టుకుని నొక్కుతుంది చూడండీ, ఎంత పెద్దమనిషైనా గావుకేక పెట్టాల్సిందే.

"ఓరి నాయనోయ్! ఈ బల్లనింకా పొయ్యిలో పెట్టలేదేంటి దుర్గా!"

"ఎండాకాలం దాంతో జాగర్తని చెప్పానా లేదా వదినా? నాలుగు వానలు పడనివ్వు, నోరు మూసుకుని పడుంటుంది," అని లోపల్నించి కేకేస్తుంది వెంకటదుర్గ.

ఆవిడ కేక మోటారు మోతని కూడా దాటుకుని వినపడుతుంది. అలవాటైపోయింది మరి. యాభైకి దగ్గరపడిన మనిషి, కనుబొమల మీద ఎప్పుడూ తెల్లగా పిండి, కొప్పులో పిండి, కోపమొస్తే ముక్కు చివర కూడా పిండే. కోపం ఎంత తొందరగా వస్తుందో నవ్వూ అంత తొందరగా వస్తుంది. మొగుడు దొరబాబు ట్రాలీ ఆటో మీద అరటిగెలలు రావులపాలెం మార్కెట్టుకి తోలతాడు. ఇల్లరికం వచ్చినవాడు. "ఈ ఇంట్లో నేను మాట్లాడే అవకాశం కరెంటు పోయినప్పుడే వస్తుందండి," అని ఊళ్ళో అందరికీ చెప్పుకుని తిరుగుతాడు, పాపం, నవ్వుతూనే.

కరెంటు మర అన్నం పెట్టింది, కాదనడానికి లేదు. కానీ వెంకటదుర్గకి దాని మీద లోపల చిన్న కినుక ఉంది. పిండి సంచిలోకి దిగేసరికి చెయ్యి పెడితే చురుక్కుమంటుంది. సున్నుండలకని వేయించిన మినుములు తెచ్చినవాళ్ళు పిండి వాసన చూసి ముఖం చిట్లిస్తారు. ఇక ఇంట్లో వాళ్ళమ్మ సంపూర్ణమ్మ సంగతి సరేసరి. కూతురు పట్టిన సున్నుండల పిండి నాలిక మీద వేసుకున్న ప్రతిసారీ అదే మాట.

"మాడిందే. మీ నాన్న పట్టిన పిండి చల్లగా ఉండేది. కుండలో చెయ్యి పెట్టినట్టుండేది."

మీ నాన్న పట్టిన పిండి అంటే నీటిమర పిండి. రోడ్డు దాటి కాలవగట్టెక్కితే, లాకుల పక్కనే ఉంది అది. ఊరికి మరపాలెం అని పేరొచ్చింది దాన్ని బట్టే. ఇప్పటి పిల్లలు ఆ పేరు దుర్గ కరెంటు మర వల్ల వచ్చిందనుకుంటారు. వింటే ఆవిడకి ఒళ్ళు మండుతుంది.

ఆ మరని కట్టించినవాడు దుర్గ తాతకి తాత. లాకుల దగ్గర కాలవ నీరు ఒక మనిషి ఎత్తు కిందికి దూకుతుంది కదా. అలా ఊరికే దూకిపోతున్న నీళ్ళని చూసి ఆ మహానుభావుడి ప్రాణం ఉసూరుమందట. అందులోంచి ఓ పాయని పక్కకి తిప్పడానికి దొరల దగ్గర అనుమతి పుచ్చుకుని, పడవల మీద నల్లరాయి దింపించాడు. రాతి కమాను కింద తూము, తూము ముందు షట్టరు, దాని వెనక రెండు రాతిగోడల మధ్య ఇరుకైన గొయ్యి, ఆ గోతిలో నిలబెట్టిన చక్రం. చక్రం నిండా చెక్క రెక్కలు. నీళ్ళొచ్చి రెక్కని తోస్తే చక్రం తిరుగుతుంది, చక్రంతోపాటు గోడలోంచి లోపలికి పోయిన టేకు ఇరుసు తిరుగుతుంది, ఇరుసుకున్న పళ్ళచక్రం పైన మిద్దె మీదున్న తిరగలి రాళ్ళని తిప్పుతుంది. పైన గింజ, కింద పిండి. అంతే. నిప్పు లేదు, నూనె లేదు, పొగ లేదు.

వెంకటదుర్గకి ఊహ తెలిసేసరికి ఆ మర తిరుగుతూనే ఉంది. మిద్దె మీద పిండి బస్తాలకి చేరబడి పడుకునేది. ఒంటి కింద చెక్క సన్నగా వణుకుతుండేది, ఆ వణుకులోనే నిద్ర పట్టేసేది. తర్వాత ఊళ్ళోకి కరెంటు మోటార్లు వచ్చాయి, జనం అటు తిరిగారు, వాళ్ళ నాన్న సత్తిరాజు కూడా చేసేదేంలేక రోడ్డు పక్కన మోటారు పెట్టుకున్నాడు. నీటిమర షట్టరు దించేసిన రోజు చక్రానికున్న రెక్క ఒకటి ఊడదీసి ఇంటికి తెచ్చి, కాళ్ళు తగిలించి బల్ల చేశాడు. మిగతా రెక్కల్ని చెద తినేసింది. ఏటా వేసవిలో కాలవలు కట్టేసినప్పుడల్లా ఆ బల్ల మీద కూర్చుని, "వచ్చే ఏడు కాలవ కట్టేశాక మరని బాగుచేద్దామే దుర్గా," అనేవాడు. ఆ వచ్చే ఏడు రాకుండానే పోయాడు.

ఇదిగో, ఈ ఏడు వేసవిలో కాలవలు కట్టేశారు. నీళ్ళు ఇంకిపోయి అడుగు బయటపడింది. కాలవకి కాంక్రీటు లైనింగు వేస్తామని మనుషులొచ్చారు. వచ్చినవాళ్ళు మర తూము మీద ఎర్ర రంగుతో అడ్డగీత గీసి వెళ్ళారు. ఆ గీతకి అర్థమేంటో ఎవరో చెప్పగానే వెంకటదుర్గ మోటారు కట్టేసి, పిండి ముఖంతోనే గట్టెక్కింది.

అక్కడ టోపీ పెట్టుకుని నిలబడ్డది ఇరిగేషన్ ఏఈ రెబెక్కా. రాజమండ్రి మనిషి, చిన్న వయసే, ఎండకి ముఖం కందిపోయి ఉంది.

"మా తూముని మూసేస్తారా మేడమ్?" అంది దుర్గ, నమస్కారం కూడా పెట్టకుండా.

"వాడకంలో లేని తూములన్నీ మూసెయ్యాలండి. గట్టుకి ప్రమాదం. రేపు గండి పడితే మీ ఊరే కదా మునిగేది?"

"వాడితే?"

రెబెక్కా టోపీ తీసి, ఎదురుగా ఉన్న కమాను వంక చూసింది. నిజం చెప్పొద్దూ, ఆ అమ్మాయికి ఆ కట్టడం మీద అప్పటికే మనసు పడింది. రాయీ రాయీ అతికిన తీరు చేత్తో తడిమి చూస్తూ అంది. "వాడకంలో ఉన్న తూమైతే మూయమని నేనెందుకు రాస్తానండి? కానీ తిరిగే మర నా కళ్ళతో చూడాలి. జూన్‌లో నీళ్ళు వదిలాక వచ్చే మొదటి సోమవారం వస్తాను. తిరిగితే ఉంచమని రాస్తా. తిరక్కపోతే అప్పుడు నన్నేమీ అనుకోకూడదు. మళ్ళీ అడిగే వీలుండదు."

"తిరుగుతుంది," అనేసింది దుర్గ.

ఇంటికొచ్చాక దొరబాబు తల పట్టుకున్నాడు. "అంత ధైర్యంగా ఎలా అనేశావే? చక్రం ఉందో లేదో కూడా మనకి తెలీదు కదా!"

"ఉంటుంది. మా తాతలు చేసింది మీ ఆటోలా ఏడాదికోసారి షెడ్డుకి పోదు."

దొరబాబు పలుగూ పారా తీసుకొచ్చాడు.

ఆ తర్వాత ఏం సందడండీ బాబూ! మధ్యాహ్నం దాకా పిండి, మధ్యాహ్నం నించి మర. గోతిలో మొలలోతు ఒండ్రు. తట్టలతో ఎత్తిపోస్తుంటే ముందు ఇరుసు కనపడింది, టేకు నల్లగా నిగనిగలాడుతూ, పుచ్చు మాట లేదు. తర్వాత చక్రం గుండ్రని అంచు, దాన్ని ఇరుసుకి కలిపే ఆకులు. రెక్కలే లేవు. వెంకటదుర్గ ఆ బురదలోనే చక్రాన్ని కావిలించుకుని, "ఉందండీ! ఉంది!" అని అరిచింది. లాకుల మీద పోయే బస్సులోంచి జనం తొంగిచూశారు. చూసుకోనీ, ఆవిడకేంటి!

రోజుకో వింత బయటపడేది. నీళ్ళు వచ్చి తగిలే మూల రాయిని గుండ్రంగా చెక్కారు, నీటికి దెబ్బ తగలకుండా ఒరుసుకుపోవడానికి. పైన ఇటుక గోడకి గానుగ సున్నం, గోరుతో గీకితే గోరే అరిగింది. రాళ్ళని మోసే చెక్క చట్రం నేల మీద విడిగా నిలబడి ఉంది, ఎక్కడా గోడని తాకలేదు. చట్రానికీ గోడకీ మధ్య అరచెయ్యి దూరింది. "ఇదేంటి, ఇక్కడ కొలత తప్పారా?" అన్నాడు దొరబాబు. ఆవిడ ఆలోచించింది. చిన్నప్పుడు ఒంటి కింద వణికిన చెక్క గుర్తొచ్చింది. "తప్పలేదండీ. చట్రం తగిలితే ఆ వణుకుడికి గోడ పగిలిపోదూ? కావాలనే వదిలారు!" అంది. మొగుడికి అరిచి అరిచి చెప్పింది, ఆయన పక్కనే ఉన్నా.

రెక్కలు చెయ్యడానికి వీరబాబు వచ్చాడు. మరపాలెంలో తలుపులూ కిటికీలూ అన్నీ అతని చేతివే. అతను బిగించిన తలుపులో చీమ దూరదని పేరు. వాన పడితే తలుపు తెరుచుకోదనుకోండి, దానికి అతను వాననే తిడతాడు. దుర్గ అరుగు మీది బల్లనే చూపించి, "ఇదే పాత రెక్క. దీని కొలతకే చెయ్యి," అంది.

వీరబాబు టేపు పెట్టి బల్ల ఈ చివర్నించి ఆ చివరికి కొలిచాడు. మీద కూర్చుని లేచాడు. బల్ల తన పని తాను చేసింది.

"అమ్మబాబోయ్! ఈ సందులేంటక్కా? చెక్కలు ఎండిపోయి వదులైపోయినట్టున్నాయి."

"ఆ సందులు మాత్రం మనకొద్దు వీరబాబూ. ఊరందరినీ కరిచింది చాలు. సందులోంచి నీళ్ళు జారిపోతే చక్రం ఏం తిరుగుతుంది? బిగించెయ్. నీ తలుపుల్లాగే చెయ్."

బిగించాడు. మద్ది చెక్కలు ఒకదానికొకటి ఆనించి, మధ్యలో కాగితం కూడా దూరకుండా. రెక్కలన్నీ చక్రానికెక్కించి చేత్తో తోస్తే పొడి గోతిలో ఎంత నున్నగా తిరిగిందంటే, సంపూర్ణమ్మ గట్టు మీద కుర్చీలో కూర్చుని చప్పట్లు కొట్టింది. ఎనభై దాటిన మనిషి. తర్వాత బయటపడ్డ పొరపాటు ఎవరిదయ్యా అంటే వీరబాబుది కాదు. బిగించమన్నది వెంకటదుర్గే. గుర్తు పెట్టుకోండి.

జూన్ వచ్చింది. శనివారం పొద్దున్నే నీళ్ళొస్తున్నాయని లాకుల మీంచి కేక. ఊరు ఊరంతా గట్టెక్కింది. ముందు నురగ, వెనక చెత్తా, గుర్రపుడెక్కా, ఆ వెనక ఎర్రటి నీళ్ళు. ఆడవాళ్ళు పసుపూ కుంకుమా చల్లారు. చెత్త పోనిచ్చి మధ్యాహ్నం షట్టరు కొంచెం ఎత్తారు. పాయ లోపలికి ఉరికింది, చక్రం ఒక్క క్షణం ఆలోచించుకుంది, కదిలింది. కదిలి తిరిగింది. ఊళ్ళోవాళ్ళు పెట్టిన కేకలకి కాలవ అవతల మేస్తున్న గేదెలు తోకలెత్తి పరుగు తీశాయి. దుర్గ ఏడుస్తోందో నవ్వుతోందో ఆవిడకే తెలీదు.

"పిండి పట్టేద్దామా?" అన్నాడు దొరబాబు, ఆయనకీ ఆగడం లేదు.

"వద్దు. మొదటి పిండి సోమవారం మేడమ్ ముందే," అంది. షట్టరు దించి, చక్రాన్ని గొలుసుతో కట్టేశారు. ఆ రాత్రి వాన మొదలైంది. ఆదివారమంతా ఒకటే వాన. గోతిలో నిలిచిన నీళ్ళలో చక్రం సగం దాకా నానుతూ ఉంది.

సోమవారం తెరిపిచ్చింది. రెబెక్కా జీపు దిగేసరికి ఊరు కొత్త బట్టలు కట్టుకున్నంత పని చేసింది. వేయించిన మినుములు పైన తొట్టిలో పోశారు. సంపూర్ణమ్మని మిద్దె మెట్ల దగ్గర కూర్చోబెట్టారు. గొలుసు విప్పారు. వెంకటదుర్గ తన చేత్తోనే షట్టరు ఎత్తింది.

నీళ్ళు ఉరికాయి. రెక్కకి తగిలి పైకెగిరి అందరి ముఖాల మీదా పడ్డాయి. చక్రం కదల్లేదు.

ఇంకా ఎత్తింది. కదల్లేదు. పూర్తిగా ఎత్తింది. ఎక్కడో కిర్రుమంది, తర్వాత ఫట్టుమంది, అడుగు రెక్క ఒకటి నిలువునా చీలి నీళ్ళలో కొట్టుకుపోయింది. చక్రం మాత్రం రాతిగోడల మధ్య ఇరుక్కుపోయి, ఎవరో కాలడ్డం పెట్టినట్టు అలాగే ఉంది.

"ముందు షట్టరు దించండి, గోడకి దెబ్బ," అంది రెబెక్కా. దించారు. ఆ అమ్మాయి ముఖం చూడాలి, తనదే ఏదో పోయినట్టుంది. "దుర్గగారూ, నేను శివారు దాకా వెళ్ళి కాలవ చూసుకుని రావాలి. సాయంత్రం చీకటి పడకముందు ఇటే వస్తాను. అప్పటికి తిరిగితే చూస్తా. రేపు పొద్దున్న మాత్రం నేను రాసెయ్యాలండి."

జీపు వెళ్ళిపోయింది. వెంకటదుర్గ రోడ్డు దాటి వచ్చి తన అరుగు మీది బల్ల మీద కూలబడింది. వీరబాబు వెనకే వచ్చి, "ఎక్కడ తప్పు పోయిందో తెలీటం లేదక్కా, శనివారం అంత బాగా తిరిగింది కదా," అన్నాడు, ఏడుపొక్కటే తక్కువ. దొరబాబు వచ్చి పక్కన నిలబడ్డాడు.

"మా నాన్న వచ్చే ఏడు, వచ్చే ఏడు అంటూనే పోయాడు. నేను ఊరందర్నీ పిలిచి మరీ పోగొట్టాను," అంది దుర్గ. కళ్ళ నీళ్ళు కొంగుతో గట్టిగా తుడుచుకుని దిగ్గున లేచింది.

లేచి, అలాగే నిలబడిపోయింది.

"కరవలేదేంటి?"

"ఏంటే?"

"బల్లండీ! ఇంత విసురుగా లేచానా, కరవలేదు!"

వంగి చూసింది. రెండ్రోజుల వానజల్లు అరుగంతా కొట్టింది. బల్ల తడిసి నల్లబడింది. చెక్కకీ చెక్కకీ మధ్య వేసవిలో చిటికెన వేలు దూరే సందులు ఇప్పుడు గోరు కూడా దూరనంతగా మూసుకుపోయాయి. చెక్కలు నానాయి, ఉబ్బాయి, ఉబ్బి ఒకదాని వైపొకటి జరిగాయి. బల్ల పొడవు మాత్రం అంతే ఉంది.

"వానలు పడితే కరవదని ఇన్నేళ్ళుగా ఊరందరికీ నేనే చెబుతున్నాను కదండీ! నా నోటితో నేనే చెబుతున్నాను! నా తలకాయ!" నెత్తి మీద టపటపా కొట్టుకుంది, కానీ అప్పటికే నవ్వుతోంది. "ఎండిపోయి వచ్చిన సందులు కావు వీరబాబూ ఇవి. చెక్క ఉబ్బడానికి వదిలిన చోటు! మనం బిగించేశాం. రెక్కలు నీళ్ళలో నాని ఉబ్బాయి, లోపల చోటు లేక రెండు పక్కలా గోడల్ని తన్నుతున్నాయి. నీ తలుపులు వానాకాలం ఎందుకు తెరుచుకోవు? ఇందుకే!"

వీరబాబు నుదురు కొట్టుకున్నాడు. "ఒక్కో రెక్కలోంచి ఒక్కో చెక్క పీకేస్తే చాలక్కా!" అని గట్టు వైపు పరుగెత్తాడు.

ఇక చూడండి హడావిడి! గునపాలొచ్చాయి, సుత్తులొచ్చాయి, వద్దన్నా వినకుండా ఊళ్ళో మగవాళ్ళంతా దిగారు. ఇరుక్కున్న రెక్కలు అడుగున నీళ్ళలోనే ఉన్నాయి కాబట్టి ముందు వాటి పని. దొరబాబు మొలలోతు నీళ్ళలో నిలబడి, ముక్కు మూసుకుని మునిగి, నడిమి చెక్క సీలలు తడుముకుని కొట్టాడు. ఒక చెక్క ఊడి పైకి తేలగానే పక్క చెక్కలు నిట్టూర్చినట్టు వదులయ్యాయి. రెండో రెక్క, మూడోది. చక్రం తనంతట తానే కాస్త ఒరిగింది. గట్టు మీద ఆడవాళ్ళు ఒకటే కేకలు. అన్నాలు గట్టు మీదికే తెచ్చారు, తిన్నవాడు తిన్నాడు, మానినవాడు మానాడు. పీకడం, మిగిలిన చెక్కల్ని సందులొచ్చేలా జరపడం, మళ్ళీ సీలలు కొట్టడం. పొద్దు వాలేసరికి రెక్కలన్నీ సిద్ధం, ఒక్కటి తప్ప. పొద్దున చీలిపోయిన రెక్క చోటు బోసిగా ఉంది.

"ఒక రెక్క లేకపోతే తిరగదా?" అన్నాడు దొరబాబు.

"తిరుగుతుంది బావా, కానీ కుంటుతుంది. కుంటితే పైన రాయి ఎగిరిపడుతుంది. ఇప్పుడు కొత్తది చేసే టైమెక్కడిది?" అన్నాడు వీరబాబు.

వెంకటదుర్గ రోడ్డు అవతలికి చూసింది. ఎవరూ ఏమీ అనకముందే చూసింది.

బల్లని నలుగురు మోసుకొచ్చి గట్టు మీద తిరగేశారు. కాళ్ళు ఊడగొట్టాలని వీరబాబు గునపం ఎత్తాడు. ఎత్తినవాడు దించేసి, కింద కూర్చుని వేలితో తడిమాడు.

"అక్కా, ఇలా రా. మీ నాన్నగారు ఇందులో ఒక్క మేకు కూడా కొట్టలేదు. కాళ్ళన్నీ పాత సీల కన్నాల్లోనే, చెక్కసీలల మీదే నిలబెట్టాడు. ఇదిగో, ఇలా తడితే చాలు."

సుత్తితో చిన్నగా తట్టాడు. సీల బయటికి జారింది. కాలు చేతిలోకి వచ్చేసింది. రెక్క మీద గాటు లేదు, కొత్త చిల్లు లేదు. దించిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది.

వెంకటదుర్గకి అప్పుడర్థమైంది. ఆయన బల్ల చెయ్యలేదు. మళ్ళీ చక్రానికెక్కించే దాకా రెక్కని దాచిపెట్టాడు. చెద పట్టకుండా, రోజూ నలుగురూ దాని మీద కూర్చునేలా, తన కళ్ళెదుటే పెట్టుకున్నాడు. వచ్చే ఏడు, వచ్చే ఏడు అన్నది ఊసుపోక అన్నది కాదు. "నాన్నా," అంది, గట్టిగానే అంది, అందరికీ వినపడేలాగే. ముఖం తిప్పుకోలేదు. సంపూర్ణమ్మ కుర్చీలోంచి, "ఏడుపు తర్వాత ఏడుద్దువు గానీ, ముందు ఎక్కించండ్రా," అని అందర్నీ కసిరింది.

పాత రెక్క తన చోట్లోకి వెళ్ళి కూర్చుంది. సరిగ్గా. చెక్కపొట్టు కూడా రాలలేదు.

జీపు హారను వినపడింది. రెబెక్కా బురద కాళ్ళతో గట్టెక్కి, గోతిలోకి తొంగిచూసి, "ఏం చేశారండీ!" అంటుండగానే దుర్గ షట్టరు ఎత్తింది. కొంచెమే ఎత్తింది. నీళ్ళు లోపలికి దూకి మొదటి రెక్కని పట్టుకున్నాయి. ఆ రెక్క రెండోదాన్ని తెచ్చింది. చక్రం తిరిగింది. ఇంకొంచెం ఎత్తితే ఇంకొంచెం జోరుగా తిరిగింది. చుట్టు చుట్టుకీ పాత రెక్క నల్లగా పైకొచ్చి, ఓ మాటు అందర్నీ చూసి, మళ్ళీ నీళ్ళలోకి పోతోంది. వీరబాబు అది పైకొచ్చినప్పుడల్లా దణ్ణం పెట్టాడు. ఊరు కేకలేసింది, ఈలలేసింది, రెబెక్కా అయితే ఫోను తీసి వీడియో తియ్యబోయి, గంతులేస్తూ మరిచిపోయింది.

వెంకటదుర్గ మెట్లెక్కి మిద్దె మీదికి పరుగెత్తింది. అరికాళ్ళ కింద చెక్క సన్నగా వణుకుతోంది. అదే వణుకు. ఇన్నేళ్ళు ఎక్కడికి పోయిందో గానీ అదే. రాళ్ళు గరగరమంటూ తిరుగుతున్నాయి, మినుముల కమ్మటి వాసన లేచింది. కిందికి దిగి పిండి జారే చోట దోసిలి పట్టింది. పడుతుంటే ఒక్కసారి ఉలిక్కిపడి చేతులు వెనక్కి తీసుకుంది. చురుక్కుమంటుందని అలవాటు మరి. మళ్ళీ పెట్టింది. చల్లగా ఉంది.

"చల్లగా ఉందండీ! అమ్మా, చల్లగా ఉందే!"

చిటికెడు తీసి తల్లి నోట్లో వేసింది. సంపూర్ణమ్మ కళ్ళు మూసుకుని చప్పరించింది. ఊరంతా ఆవిడ నోరు చూస్తోంది. తర్వాత మళ్ళీ నోరు తెరిచి, "ఇంకొంచెం పెట్టవే," అంది.

రెబెక్కా జీపు బానెట్ మీద కాగితం పెట్టుకుని, 'తూము వాడకంలో ఉన్నది, ఉంచవలెను' అని రాసి, రాసింది అందరికీ పైకి చదివి వినిపించి, దోసెడు సున్నుండల పిండి పొట్లం కట్టించుకుని రాజమండ్రి వెళ్ళింది.

మర్నాడు పొద్దున్నే బియ్యం గిన్నె చంకనెట్టుకుని ఓ ముసలావిడ పిండిమర అరుగెక్కింది. పక్క ఊరి మనిషి, నిన్నటి గొడవేదీ తెలీదు. కూర్చుందామని అలవాటుగా వెనక్కి వాలి, గోడ పట్టుకుని తమాయించుకుంది.

"ఇక్కడ కరిచే బల్ల ఉండాలి, ఏదే దుర్గా?"

వెంకటదుర్గ మోటారు ఆపింది. రోడ్డు అవతల లాకుల దగ్గర్నించి నీళ్ళ చప్పుడు స్పష్టంగా వినపడుతోంది.

"పనికెళ్ళిందత్తా," అంది. "నాన్న పంపించాడు."